విమానాశ్రయ రైలు ఎవరి డబ్బుతో కట్టాలి? ఢిల్లీ అనుభవం, శంషాబాద్ ముందున్న లెక్కలు

హైదరాబాద్ మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రాజెక్టు మీదున్న సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును ప్రభుత్వం తలకెత్తుకోవాలి, కంపెనీ వాటాకు మరో 2,000 కోట్ల రూపాయల దాకా చెల్లించాలి. క్లుప్తంగా ఆ అంగీకారం ఇదే. దీంతో శంషాబాద్ విమానాశ్రయానికి వేయాల్సిన లైను గురించిన పాత చర్చ కొత్తగా మొదలైంది. ప్రైవేటు కంపెనీ కట్టి నడిపిన మెట్రో చివరికి ప్రభుత్వం చేతికే వచ్చినప్పుడు, విమానాశ్రయ రైలుకు మళ్లీ ప్రైవేటు పెట్టుబడి అడగడం ఎందుకన్నది ఒక వాదన. ఇంత అప్పు నెత్తిన పడ్డ ప్రభుత్వం మరో లైనుకు వేల కోట్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది, ప్రైవేటు వాళ్లను పిలవక తప్పదు కదా అన్నది ఇంకో వాదన.

రెండు మాటల్లోనూ పస ఉంది. అయితే డబ్బు ముందుగా ఎవరు పెడతారు, చివరికి ఎవరు చెల్లిస్తారు, అనుకున్నది జరగకపోతే నష్టం ఎవరిది అనే మూడు వేర్వేరు విషయాలు ఈ చర్చలో తరచూ కలగాపులగమవుతున్నాయి. ఢిల్లీ, సిడ్నీ, టొరంటో, పారిస్, లండన్ నగరాలు ఈ మూడింటినీ ఒక్కోరకంగా పరిష్కరించుకోవాలని చూశాయి. కొన్ని చేతులు కాల్చుకున్నాయి కూడా.

ముందు పెట్టేవారు, చివరికి చెల్లించేవారు

బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్న కుటుంబం విషయంలో డబ్బు ముందు పెట్టింది బ్యాంకు, కానీ ఇరవై ఏళ్లపాటు ఆ ఇంటి ఖరీదు చెల్లించేది కుటుంబమే. రైలు మార్గం సంగతీ ఇంతే. ప్రైవేటు కంపెనీ 3,000 కోట్లు తెచ్చిందంటే ఆ సొమ్ము నగరానికి కానుకగా వచ్చినట్టు కాదు. అందులో చాలా భాగం బ్యాంకుల అప్పు, మిగతాది వాటాదారుల పెట్టుబడి. మొదటిదానికి వడ్డీ, రెండోదానికి లాభం ఎక్కడినుంచో రావాలి.

ఆ ఎక్కడినుంచో అన్నదానికి ప్రపంచమంతా తిరిగినా దొరికే దారులు నాలుగే. ప్రయాణికుడి టికెట్టు, ప్రభుత్వ ఖజానా, స్టేషన్ల చుట్టూ పెరిగే భూముల విలువ, విమానాశ్రయం వాడుకునేవారి మీద వేసే రుసుము. ప్రభుత్వం కట్టినా, ప్రైవేటు కంపెనీ కట్టినా బిల్లు తీరేది ఈ నాలుగింటి నుంచే. అందుకే ‘ప్రజల మీద ఒక్క రూపాయి భారం పడకుండా కడతాం’ అన్న ప్రకటన వినబడినప్పుడల్లా, ఈ నాలుగింటిలో దేన్ని పిండబోతున్నారన్న ప్రశ్న పత్రికలు అడిగి తీరాలని నా అభిప్రాయం.

ఇక పీపీపీ, అంటే ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం. ఇందులో ప్రభుత్వం ఒక కంపెనీకి 30, 35 ఏళ్లపాటు లైనును కట్టి, నడిపి, ఛార్జీలు వసూలు చేసుకునే హక్కునిస్తుంది. గడువు తీరాక ఆస్తి ప్రభుత్వానిది. ఛార్జీలతో గిట్టుబాటు కాదని ముందే తేలితే, ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వం ఒకసారి ఇచ్చే సొమ్మును వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. హైదరాబాద్ మెట్రో మొదటి దశకు ఇలా 1,458 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. దీనికి తలకిందులైన ఏర్పాటు కూడా ఉంది: మాకు ఏమీ ఇవ్వక్కర్లేదు, మేమే ప్రభుత్వానికి ఎదురు చెల్లిస్తామని కంపెనీ ముందుకు రావడం. 2008లో ఇదే హైదరాబాద్ మెట్రోకు మేటాస్ సంస్థ నాయకత్వంలోని కూటమి ఒప్పంద కాలంలో 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తామని బిడ్డు వేసింది. మెట్రో కోసమని ఇచ్చే భూములతో వ్యాపారం చేసి ఆ డబ్బు రాబట్టాలన్న ఆలోచనను అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ గట్టిగా తప్పుబట్టారు. మేటాస్‌ను నడిపిన కుటుంబానిదే అయిన సత్యం సంస్థలో కుంభకోణం బయటపడ్డాక ఆ కూటమి నిధులు సమకూర్చలేకపోయింది, 2009లో ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది ఎల్ అండ్ టీ వచ్చింది.

6,000 కోట్ల లైను: ఒక ఊహా లెక్క

విమానాశ్రయానికి 30 కిలోమీటర్ల లైను, ఖర్చు 6,000 కోట్ల రూపాయలు అనుకుందాం. మొత్తం అప్పుగా తెచ్చి 30 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలి. ప్రభుత్వం పూచీ ఉంటే 7 శాతానికి డబ్బు దొరుకుతుందనుకుంటే, ఏడాదికి కట్టాల్సింది సుమారు 484 కోట్లు. ప్రైవేటు కంపెనీకి బ్యాంకు వడ్డీ, వాటాదారులు ఆశించే లాభం కలిపి సగటున 10 శాతం పడుతుందనుకుంటే ఏటా సుమారు 636 కోట్లు. తేడా ఏడాదికి 150 కోట్ల పైమాటే.

రోజుకు 50,000 మంది ఎక్కితే ఏడాదికి కోటీ 82 లక్షల ప్రయాణాలు. అప్పు వాయిదా మటుకే లెక్కిస్తే ఒక్కో ప్రయాణానికి ప్రభుత్వ వడ్డీ మీద 265 రూపాయలు, ప్రైవేటు వడ్డీ మీద 349 రూపాయలు పడుతుంది. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు దీనికి అదనం. ఎక్కేవాళ్లు రోజుకు 20,000 మందే అయితే ఈ అంకెలు వరుసగా 663కీ, 872కీ చేరతాయి. అంటే వడ్డీ తేడా వల్ల టికెట్టు మీద పడే భారం కన్నా, ప్రయాణికుల అంచనా తప్పడం వల్ల పడే భారం ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రైవేటు పక్షం మాట్లాడేవారూ, ప్రభుత్వ పక్షం మాట్లాడేవారూ వడ్డీ రేట్ల దగ్గరే ఆగిపోతున్నారు. అసలు లెక్కను తారుమారు చేసేది మాత్రం రోజుకు ఎంతమంది ఎక్కుతారన్న అంకె.

ప్రైవేటు పక్షానికి ఇక్కడ న్యాయమైన జవాబు ఒకటుంది. ప్రభుత్వానికి తక్కువ వడ్డీకి డబ్బు దొరకడానికి కారణం ప్రాజెక్టు సురక్షితమైందని కాదు, నష్టం వస్తే పన్ను కట్టేవారు భరిస్తారన్న ధీమా అప్పిచ్చేవాడికి ఉండటమే. ఆ పూచీకి ఖరీదు కట్టరు కాబట్టి ప్రభుత్వ వడ్డీ చవకగా కనిపిస్తుంది. పైగా తన సొంత డబ్బు పెట్టిన కంపెనీ పనులు సాగదీయదు, ఖర్చు పెరగనివ్వదు. ఈ వాదన తోసిపుచ్చదగ్గది కాదు. కానీ పై లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీని ఈ సామర్థ్యంతోనే పూడ్చుకోవాలంటే, ప్రభుత్వం 6,000 కోట్లకు కట్టేదాన్ని ప్రైవేటు కంపెనీ సుమారు 4,560 కోట్లకే, అంటే దాదాపు 24 శాతం తక్కువకు కట్టగలగాలి. అది చేయగల సందర్భాలు ఉండవచ్చు. అయితే దాన్ని ముందుగా నిరూపించాల్సిన బాధ్యత బిడ్డు వేసేవారి మీదే ఉంటుంది.

ఢిల్లీలో ఏం జరిగింది

మన దేశంలో విమానాశ్రయం కోసమే వేసిన తొలి రైలు మార్గం ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ నుంచి మూడో టెర్మినల్ మీదుగా ద్వారక సెక్టార్ 21 వరకు 22.7 కిలోమీటర్లు. 2008 ఆగస్టులో ఢిల్లీ మెట్రో సంస్థ డీఎంఆర్‌సీ, డీఏఎంఈపీఎల్ అనే కంపెనీతో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ఈ కంపెనీలో 95 శాతం వాటా రిలయన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ది, మిగిలిన 5 శాతం స్పెయిన్‌కు చెందిన రైలు పెట్టెల తయారీ సంస్థ క్యాఫ్‌ది. సొరంగాలు, స్తంభాలు, వంతెనలు డీఎంఆర్‌సీ కట్టాలి. పట్టాలు, సిగ్నళ్లు, రైళ్లు కంపెనీ సమకూర్చుకుని నడపాలి.

కాగితం మీద చూస్తే ఇది తెలివైన పంపకం. నేల కింద ఏముంటుందో తెలియని సివిల్ పనుల నష్టభయం ప్రభుత్వానిది, ప్రయాణికులు ఎక్కుతారా లేదా అన్న నష్టభయం ప్రైవేటుది. కామన్వెల్త్ క్రీడలకు ముందే, అంటే 2010 అక్టోబరుకల్లా సిద్ధం కావాల్సింది 2011 ఫిబ్రవరి 23న మొదలైంది. ఎక్కేవాళ్లు అంచనాలకు చాలా తక్కువగా వచ్చారు.

2012 జులైలో రైళ్లు ఆగిపోయాయి. స్తంభం మీద ఆనుకునే చోట, పట్టాలను మోసే గర్డరుకు అడుగున ఉండే బేరింగుల్లో లోపాలు, గర్డర్లలో పగుళ్లు బయటపడ్డాయి. రైలు పరుగెత్తినప్పుడు కలిగే అదురును, ఎండకు కాంక్రీటు సాగడాన్ని తట్టుకోవాల్సినవి ఆ బేరింగులే. అవి డీఎంఆర్‌సీ కట్టిన భాగంలోనివి. తొంభై రోజుల్లో లోపాలు సరిచేయాలని కంపెనీ నోటీసిచ్చింది, అక్టోబరులో సరిచేయలేదంటూ ఒప్పందం రద్దు చేసుకుంటున్నట్టు మరో నోటీసిచ్చింది. మెట్రో రైలు భద్రతా కమిషనర్ అనుమతితో 2013 జనవరి 22న వేగం తగ్గించి రైళ్లు మళ్లీ నడిపారు. ఆ ఏడాది జూన్ ఆఖరుతో కంపెనీ తప్పుకుంది, జులై 1 నుంచి డీఎంఆర్‌సీయే నడుపుతోంది.

తర్వాతి పదకొండేళ్లు కోర్టుల్లో గడిచాయి. 2017 మేలో మధ్యవర్తుల ట్రిబ్యునల్ కంపెనీకి 2,782 కోట్ల రూపాయలకు పైగా, వడ్డీ అదనంగా, చెల్లించాలని తీర్పు చెప్పింది. ఢిల్లీ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం 2018లో దాన్ని సమర్థించింది. ద్విసభ్య ధర్మాసనం 2019లో కొట్టేసింది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మధ్యవర్తుల తీర్పును పునరుద్ధరించింది, రివ్యూ పిటిషన్‌నూ తోసిపుచ్చింది. వడ్డీతో కలిసి బకాయి ఏడు, ఎనిమిది వేల కోట్లకు చేరుతుంటే, డీఎంఆర్‌సీలో సగం సగం వాటాదారులైన కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం ఆ డబ్బు ఎవరివ్వాలన్న దానిపై వాదులాడుకున్నాయి. చివరికి 2024 ఏప్రిల్ 10న, రివ్యూ కూడా పోయాక ఆఖరి అవకాశంగా వేసే క్యూరేటివ్ పిటిషన్ మీద ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తన పాత తీర్పునే పక్కనపెట్టింది. లోపాలు సరిచేసే చర్యలు సాగుతున్నాయనడానికి, లైను నడపడానికి తగినదనడానికి సాక్ష్యమైన భద్రతా కమిషనర్ ధ్రువపత్రాన్ని ట్రిబ్యునల్ పట్టించుకోలేదని తప్పుపట్టింది. డీఎంఆర్‌సీ అప్పటికే చెల్లించిన సుమారు 3,300 కోట్ల రూపాయలను తిరిగి ఇవ్వాలని ఆదేశించింది.

ఈ కథను ‘ప్రైవేటు మోసం’ అనో, ‘ప్రభుత్వ నాసిరకం పని’ అనో ఒక్క ముక్కలో తేల్చేవారున్నారు. నా దృష్టిలో అసలు పాఠం ఒప్పందంలోని రద్దు నిబంధన దగ్గరుంది. ప్రభుత్వ పక్షం తప్పు వల్ల ఒప్పందం రద్దయితే, కంపెనీ తెచ్చిన అప్పుతో పాటు వాటాదారుల పెట్టుబడికి 130 శాతం లెక్కన డీఎంఆర్‌సీ చెల్లించాలి. ప్రయాణికులు నిండుగా ఉంటే కంపెనీకి రద్దు ఆలోచనే రాదు. రైలు ఖాళీగా నడుస్తున్నప్పుడు, ఎదుటి పక్షం తప్పు ఒకటి దొరికితే, నష్టాల్లో ఉన్న వ్యాపారంలోంచి లాభంతో బయటపడే తలుపు ఈ నిబంధనే. కంపెనీ ఉద్దేశం ఏమిటన్నది వేరే సంగతి. ప్రయాణికుల నష్టభయం ప్రైవేటుకు అప్పగించామని అనుకున్న ఒప్పందమే, ఆ భయాన్ని దొడ్డిదారిన ప్రభుత్వానికి తిప్పి పంపే వీలు కల్పించింది. ఎక్కడ నీ పని ముగిసి నా పని మొదలవుతుందో ఆ అతుకు దగ్గరే, అక్షరాలా స్తంభానికీ గర్డరుకూ మధ్య, తగవు పుట్టింది.

డీఎంఆర్‌సీ చేతికి వచ్చాక ఛార్జీలు విడతలవారీగా బాగా తగ్గాయి, ఎక్కేవాళ్లు పెరిగారు. 2023లో వేగం గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. అదే ఏడాది సెప్టెంబరు 17న లైను ద్వారక సెక్టార్ 25లోని యశోభూమి దాకా సాగింది.

టొరంటో: డబ్బు ప్రభుత్వానిది, ఆలోచన వ్యాపారిది

ప్రభుత్వమే కట్టేస్తే సమస్య తీరుతుందనుకునేవారు టొరంటో వైపు చూడాలి. అక్కడి పియర్సన్ విమానాశ్రయ రైలును మొదట ఎస్ఎన్‌సీ లావలిన్ అనే ప్రైవేటు సంస్థ కట్టాల్సింది. ఆర్థిక ఏర్పాట్లు కుదరక 2010లో ఆ ఒప్పందం పోయింది, ఒంటారియో ప్రభుత్వ సంస్థ మెట్రోలింక్స్ 45 కోట్ల కెనడా డాలర్లకు పైగా పెట్టి పూర్తిచేసింది. 2015 జూన్‌లో పాన్ అమెరికన్ క్రీడలకు ముందు ప్రారంభమైంది.

పెట్టుబడి మారినా లెక్క మాత్రం పాతదే ఉంచారు. నిర్వహణ ఖర్చు టికెట్లతోనే రావాలని 27.50 కెనడా డాలర్ల ఛార్జీ పెట్టారు. వ్యాపారం పనిమీద వచ్చేవారిని దృష్టిలో పెట్టుకున్న ధర అది. దారిలో ఉన్న పేటల జనానికి ఆ రైలు తమ ఇళ్ల పక్కనుంచి ఖాళీగా పోతూ కనిపించింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఛార్జీని 12 డాలర్లకు, కార్డు ఉన్నవారికి 9 డాలర్లకు తగ్గించక తప్పలేదు. ఎక్కేవారు రెట్టింపు దాటారు. తెలుగు రాష్ట్రాల నుంచి టొరంటో వెళ్లే విద్యార్థులు ఇప్పుడు ఎక్కుతున్నది ఈ తగ్గించిన ఛార్జీ రైలే. దీన్ని నిలబెడుతున్నది మాత్రం ఒంటారియో ఖజానా ఇచ్చే సబ్సిడీ.

పోటీ మీద ఆంక్షలు, గేటు దగ్గర రుసుము

ప్రైవేటు పెట్టుబడి తిరిగి రావాలంటే ఎక్కువ ఛార్జీ కావాలి. ఎక్కువ ఛార్జీ నిలవాలంటే పక్కన చవకైన దారి ఉండకూడదు. ఈ చిన్న తర్కం నుంచే ఒప్పందాల్లో చాలా చిక్కులు పుడతాయి.

సిడ్నీలో 2000 మేలో ఒలింపిక్స్‌కు ముందు మొదలైన విమానాశ్రయ మార్గంలో సొరంగం, పట్టాలు ప్రభుత్వం వేసింది, నాలుగు స్టేషన్లు ప్రైవేటు కంపెనీ కట్టింది. రైళ్లు మామూలు సిటీ రైళ్లే. స్టేషన్ వాడుకున్నందుకు కంపెనీ గేటు దగ్గర వేరే రుసుము వసూలు చేసుకుంటుంది. రైలు టికెట్టు కన్నా ఈ రుసుమే ఎక్కువ. అంచనా వేసినంత మంది రాక అదే ఏడాది నవంబరుకల్లా కంపెనీ, అప్పులిచ్చినవారి తరఫున ఆస్తులు చూసే రిసీవర్ల చేతిలోకి వెళ్లింది. విమానాశ్రయంతో సంబంధం లేని గ్రీన్ స్క్వేర్, మాస్కట్ స్టేషన్ల జనం కూడా ఏళ్ల తరబడి ఆ రుసుము కట్టారు. 2011లో ప్రభుత్వం కంపెనీకి పరిహారమిచ్చి ఆ రెండింటి దగ్గర ఎత్తివేయించింది. విమానాశ్రయ స్టేషన్లలో అది ఇప్పటికీ ఉంది. అందుకే పెట్టెలు తేలికగా ఉన్నవారు కొందరు ముందు స్టేషనైన మాస్కట్‌లో దిగి, అక్కణ్ణుంచి 420 నంబరు బస్సెక్కి టెర్మినల్ చేరతారు. బ్రిస్బేన్‌లోనూ 2001లో మొదలైన ప్రైవేటు ఎయిర్‌ట్రైన్ ఒప్పందం 2036 వరకు ఉంది. విమానాశ్రయానికి సిటీ బస్సులు నడపకుండా ఆ ఒప్పందం అడ్డుపడుతోందని నగరవాసుల ఫిర్యాదు.

హీత్రూలో విమానాశ్రయ యజమాని బీఏఏ సొంత డబ్బుతో సొరంగం తవ్వి 1998లో హీత్రూ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. లండన్ పాడింగ్టన్‌కు పావుగంట ప్రయాణం. ప్రైవేటు పెట్టుబడి చక్కగా పనిచేసిన ఉదాహరణగా దీన్ని చెబుతారు, అందులో న్యాయముంది. తర్వాత ప్రభుత్వ పెట్టుబడితో ఎలిజబెత్ లైను వచ్చినప్పుడు, తన సొరంగంలో నడిచే ఆ రైళ్ల నుంచి పాత నిర్మాణ ఖర్చును కూడా రాబట్టుకోవాలని విమానాశ్రయం చూసింది. నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు, 2017లో హైకోర్టు కూడా నియంత్రణ సంస్థనే సమర్థించింది. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ కన్నా తక్కువ ఛార్జీకి, కొద్ది నిమిషాలు ఎక్కువ కూర్చుంటే, లండన్ నడిబొడ్డుకు నేరుగా వెళ్లవచ్చు.

విమానం ఎక్కేవారే కట్టాలా?

పారిస్ మరో దారి పట్టింది. షార్ల్ ద గాల్ విమానాశ్రయానికి ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ వేయాలని 2000లలో ప్రయత్నించారు. 2008లో ముందువరుసలో నిలిచిన విన్సీ సంస్థతో బేరం 2011కల్లా చెడిపోయింది. ఆ తర్వాత విమానాశ్రయ సంస్థ, జాతీయ రైలు మార్గాల సంస్థ, ప్రభుత్వ ఆర్థిక సంస్థ కెస్ దె దెపో కలిసి కంపెనీ పెట్టాయి, ప్రభుత్వం పెద్ద మొత్తంలో అప్పిచ్చింది. 24 యూరోల టికెట్టు ఒక్కటే చాలదని, ఆ విమానాశ్రయంలో ఎక్కే దిగే ప్రయాణికుడి మీద 1.40 యూరోలకు మించని రుసుమును చట్టంలో పెట్టారు. 2024లో రావాల్సిన రైలు 2027కు జరిగింది.

రైలు ఎక్కని విమాన ప్రయాణికుడు ఎందుకు కట్టాలన్నది ఒక అభ్యంతరం. దానికి జవాబు, రోడ్డు మీద రద్దీ తగ్గితే టాక్సీలో వెళ్లేవాడికీ మేలే కదా అని. ఇంతకన్నా బరువైన అభ్యంతరం శివారు పట్టణాల మేయర్లది. అదే విమానాశ్రయానికి వెళ్లే ఆర్ఈఆర్ బీ అనే శివారు రైలు లైనులో రోజూ లక్షలమంది ఉద్యోగాలకు వెళ్తూ ఆలస్యాలతో అవస్థపడుతుంటే, పర్యాటకులకు పక్కనే కొత్త రైలెందుకని వారు నిలదీశారు. డబ్బు ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న అయిపోయింది.

భూమి విలువతో బిల్లు తీర్చడంలో హాంకాంగ్ అందరికన్నా ముందుంది. 1998లో విమానాశ్రయ రైలు వేసినప్పుడు, పూర్తిగా ప్రభుత్వ సొంతమైన ఎంటీఆర్ సంస్థ స్టేషన్ల మీద కట్టుకునే హక్కులను అభివృద్ధి సంస్థలతో పంచుకుని ఖర్చు రాబట్టుకుంది. హాంకాంగ్ స్టేషన్ మీదున్న ఐఎఫ్‌సీ భవనాలు అలా వచ్చినవే. హైదరాబాద్‌లోనూ ఎల్ అండ్ టీకి 269 ఎకరాలు వ్యాపార అభివృద్ధికి ఇచ్చారు, ఆదాయంలో దాదాపు సగం టికెట్ల నుంచి, మిగతాది ప్రధానంగా ఆ స్థలాల నుంచి రావాలని అంచనా వేశారు. మాల్స్ వచ్చాయి గానీ అనుకున్న వేగంతో ఆదాయం రాలేదు. పైగా 2020లో కరోనా కాలంలో నెలల తరబడి రైళ్లే ఆగిపోయాయి. ఈలోగా అప్పు మీద వడ్డీ పెరుగుతూ పోయింది.

శంషాబాద్ ప్రయాణికుల లెక్క

శంషాబాద్‌కు మొదట అనుకున్నది అసలైన ఎక్స్‌ప్రెస్. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు శంకుస్థాపన చేసిన ఆ లైను రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్లు, ఖర్చు 6,250 కోట్ల రూపాయలు. ప్రైవేటు పెట్టుబడి లేకుండా, రాష్ట్ర ప్రభుత్వం ప్రధానంగా, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ, విమానాశ్రయం నడిపే జీఎంఆర్ కొంత కొంత పెట్టి కట్టాలన్నది ప్రణాళిక. ప్రభుత్వం మారాక రేవంత్ రెడ్డి దాన్ని ఆపి దారి మార్చారు. ఇప్పటి ప్రతిపాదన నాగోలు, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్లు. ఐటీ కారిడార్ నుంచి నేరుగా వెళ్లే వేగం పోయింది. దారి పొడవునా నిత్యం తిరిగే జనం ఉండే పేటలు కలిశాయి.

ఈ మార్పు మంచిదేనా అన్నది రాజకీయంగా తెగని విషయం గానీ, అంకెలు కొంత చెబుతాయి. 2023-24లో శంషాబాద్ విమానాశ్రయం వాడుకున్నవారు సుమారు రెండున్నర కోట్లమంది, అంటే రోజుకు 68,000 మంది. అందులో ఐదో వంతు రైలెక్కితే గొప్పే, అప్పుడు కూడా 14,000 లోపే. పై ఊహా లెక్కలో 20,000 మందితోనే టికెట్టు ఎంతకు చేరిందో చూశాం. పైగా గల్ఫ్‌కు, అమెరికాకు వెళ్లేవాళ్లను సాగనంపడానికి కరీంనగర్, నిజామాబాద్, కర్నూలు నుంచి ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని వస్తారు. నలుగురికి నాలుగు టికెట్లు కొనాల్సిన రైలు, అందరికీ కలిపి ఒకే బాడుగ తీసుకునే కారుతో పోటీ పడలేదు. తెల్లవారుజామున రెండింటికి, మూడింటికి వెళ్లే అంతర్జాతీయ విమానాల వేళకు మెట్రోలు నడవవు. కాబట్టి విమాన ప్రయాణికుల టికెట్ల మీదే ఆధారపడే ఏ లైనూ, ఎవరి డబ్బుతో కట్టినా, తన అప్పు తాను తీర్చుకోలేదు. విమానాశ్రయంలో పనిచేసే వేలమంది ఉద్యోగులు, దారిలోని పేటల వారు నెలపాసు కొని ఎక్కితేనే రైలు నిండుతుంది. వాళ్లు ఎక్కగలిగే ఛార్జీ పెడితే ప్రైవేటు పెట్టుబడికి లాభం మిగలదు. ఎక్స్‌ప్రెస్ కావాలా, నగర రైలు కావాలా అన్న నిర్ణయంలోనే పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్నకు సగం జవాబు ఉంది.

నాగోలు నుంచి శంషాబాద్ లైనుతో కలిపి 76.4 కిలోమీటర్ల రెండో దశకు 24,269 కోట్ల రూపాయల ఖర్చుతో రాష్ట్రం పంపిన ప్రతిపాదనలో 30 శాతం రాష్ట్రానిది, 18 శాతం కేంద్రానిది, 48 శాతం అప్పు, కేవలం 4 శాతం, అంటే 1,033 కోట్లు, పీపీపీ వాటా. ప్రైవేటు భాగం ఇంత చిన్నది కావడం మొదటి దశ అనుభవం నేర్పినదే. కానీ 48 శాతం అప్పుకు వడ్డీ కట్టాల్సింది కేంద్ర రాష్ట్రాల ఉమ్మడి కంపెనీ. టికెట్ల ఆదాయం చాలనప్పుడు ఆ లోటు ఇద్దరిలో ఎవరు, ఎంత నిష్పత్తిలో పూడుస్తారన్నది ఒప్పందంలో ముందే రాసుకోకపోతే, ఢిల్లీలో కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ మధ్య నడిచిన వాదులాట ఇక్కడా మొదలవుతుంది. 4 శాతం పీపీపీ ముక్క విషయంలో తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: ఆ కంపెనీ పని ఏ బోల్టు దగ్గర మొదలై ఏ బోల్టు దగ్గర ముగుస్తుంది, మధ్యలో వెళ్లిపోతే దానికి చెల్లించాల్సింది అప్పు వరకేనా, వాటాదారుల లాభంతో కలిపా అన్నది.